ఓమహా తీరము - 30 సెకండ్ల ఆలస్యము

1944వ సంవత్సరము జూన్ 6వ తేదీ తెల్లవారుజామున, ఇంగ్లండు తూర్పు భాగమునందలి విమానాశ్రయముల నుండి వేయికి పైగా పెద్ద బాంబరు విమానములు చీకటిలోనే లేచి, ఫ్రాన్సు దేశపు ఉత్తర తీరమువైపు ప్రయాణమైనవి. అదే సమయమున వాటి క్రింద, ఇంగ్లీషు ఛానెల్ అను సముద్రభాగముపై, కొన్ని వేల ఓడలు, పడవలు నార్మండీ తీరమునకు సమీపించుచున్నవి. రెండవ ప్రపంచ యుద్ధములో మిత్రరాజ్యములు పశ్చిమ ఐరోపాను జర్మనీ చేతినుండి విడిపించుటకు చేసిన మహాప్రయత్నమునకు అది మొదటి దినము.

ఆనాడు ఓమహా అని మారుపేరు పెట్టిన ఒక తీరముపై 329 లిబరేటర్ విమానములు సుమారు 13,000 బాంబులను విడిచినవి. వాటిలో ఒక్కటియు ఒడ్డునగల శత్రువుల రక్షణ స్థానములపై పడలేదు. అన్నియు వెనుకనున్న పొలములలో, కొన్ని ఒడ్డునుండి 3 మైళ్ళ దూరములో పడినవి. అరగంట తరువాత పడవలనుండి దిగిన అమెరికను సైనికులు చెక్కుచెదరని మరతుపాకులకు ఎదురుగా నడువవలసి వచ్చినది.

విమానములు దారి తప్పలేదు. యంత్రములు చెడలేదు. బాంబులు వేసిన వారికి నేర్పు లేకపోలేదు. ఇంతకును కారణము, బుద్ధిపూర్వకముగా పాటించిన కొన్ని సెకండ్ల ఆలస్యము. ఆ ఆలస్యము ఏల అవసరమైనదో, దాని ఫలితమేమైనదో తెలిసికొనవలెనన్న, ఉన్నత పాఠశాలలో చదువుకొను చలన సూత్రములు చాలును.

ముందు నడచిన దళము

అమెరికా విమానసేనలో బాంబర్ గ్రూపు అనగా సామాన్యముగా నాలుగు స్క్వాడ్రన్లు గల దళము. దానికి ఒక స్వంత విమానాశ్రయము, ఒక అధిపతి, మరమ్మతు పనివారు, వాతావరణము చెప్పువారు, భోజనశాల అన్నియు ఉండును. ఇంగ్లండునుండి పనిచేసిన 8వ విమానసేనలో ఇట్టి గ్రూపులు అనేకము. వాటిలో 446వ బాంబర్ గ్రూపు ఒకటి. సఫక్ ప్రాంతములోని బంగే పట్టణము దగ్గర ఫ్లిక్స్టన్ అను గ్రామము దాని స్థావరము. కర్నల్ జేకబ్ బ్రోగర్ దాని అధిపతి. జూన్ 6వ తేదీ ఉదయము 8వ విమానసేన పెద్ద బాంబరు విమానములన్నింటికి ముందు నడచు గౌరవము ఈ గ్రూపునకు దక్కినది.

ఈ గ్రూపు నడిపినవి బి-24 లిబరేటర్ విమానములు. నాలుగు ఇంజనులు, సుమారు పదిమంది సిబ్బంది, చాలదూరము పోగల శక్తి వీటి లక్షణములు. ఈ జాతి విమానములు మన దేశమునకు కొత్తవి కావు. బర్మా యుద్ధకాలమున ఇవి వంగదేశపు విమానాశ్రయములనుండి ఎగిరినవి. యుద్ధానంతరము కాన్పూరులో వదలిపెట్టిన వాటిని బాగుచేసి మన వైమానిక దళము 1968 వరకు వాడుకొన్నది.

చీకటిలో వందలకొలది విమానములను ఒక వరుసకు తెచ్చుట తేలికైన పని కాదు. ఒక్కొక్కటి లేచి, నిర్ణయించిన ఎత్తునకు ఎక్కి, గుండ్రముగా తిరుగుచు, దీపముల సంకేతములను బట్టి తన గుంపును వెదకి కలిసికొనవలెను. గుంపులన్నియు ఒకదాని వెనుక ఒకటి చేరి దక్షిణముగా సాగవలెను. పనికి కేటాయించిన కాలము మిక్కిలి కొద్దిది. ఆ దినమున నార్మండీలో సూర్యోదయము ఇంచుమించు 6 గంటలకు. ఓమహా తీరమున సైనికులు దిగవలసిన వేళ 6 గంటల 30 నిమిషములు. వెలుగు వచ్చిన పిదప బాంబులు వేసి, పడవలు ఒడ్డు చేరుటకు ముందే ముగించవలెను. ఆ కొద్ది వ్యవధిలోనే వందల విమానములు తీరమును దాటిపోవలెను.

తీరము స్వరూపము

ఓమహా తీరము సుమారు 8 కిలోమీటర్ల పొడవున వంగిన విల్లువలె ఉండును. సముద్రము వెనుకకు తగ్గిన వేళ కొన్ని వందల గజముల వెడల్పున చదునైన ఇసుక బయటపడును. దాని పైన గులకరాళ్ళ గట్టు; ఆ గట్టు వెనుక కొంచెము మెట్ట నేల; ఆపైన 30 మొదలు 50 మీటర్ల ఎత్తుగల నిట్రపు దిబ్బలు. దిబ్బల నడుమ కొన్ని లోయలు మాత్రమే లోపలికి పోవుటకు దారులు. వాటి పైన వియెర్విల్, సెయింట్ లారెంట్, కోల్విల్ అను చిన్న గ్రామములు కలవు.

జర్మనులు ఆ లోయల మొగదల సుమారు 15 రక్షణ స్థానములను కట్టినారు. కాంక్రీటు గదులలో ఫిరంగులు, గోతులలో మరతుపాకులు, చుట్టును ముళ్ళతీగలు, మందుపాతరలు. ఫిరంగులు సముద్రమువైపు గాక, తీరము పొడవునకు గురిపెట్టి ఉండినవి. సముద్రమువైపు మందమైన గోడలుండుటచేత ఓడలనుండి చూచువారికి అవి కనబడవు. వారి గుండ్లు తగులుట కూడ కష్టము. కనుక ఆకాశమునుండి వచ్చు దెబ్బ అవసరమని సేనానులు తలచినారు.

అయితే ఆ దెబ్బనుండి కూడ వారు అద్భుతములను ఆశించలేదు. ఇసుకలో పెద్ద గుంటలు పడిన తమ ట్యాంకులు, వాహనములు కదలలేవు. అందుచేత ఓమహాపై వేయవలసిన బాంబులకు నేల తాకిన తక్షణమే ప్రేలు మీటలు అమర్చినారు. ఇట్టి బాంబులు లోతుగా దిగవు. దళసరి కాంక్రీటును పగులగొట్టలేవు. ముళ్ళతీగలను త్రెంచుట, గోతులలోని వారిని చంపుట లేదా కలవరపెట్టుట, టెలిఫోను తీగలను తెంపుట - ఇవియే ముఖ్యోద్దేశములు.

బాంబు ఎక్కడ పడును?

బాంబు విడిచినచోట తిన్నగా క్రిందికి పడదు. విమానములో ఉన్నంతసేపు దానికి విమానపు వేగమే ఉండును. విడిచిన పిదపను ఆ వేగము దానిని ముందుకు తీసికొనిపోవును. అదే సమయమున గురుత్వాకర్షణ దానిని క్రిందికి లాగును. ఈ రెండు చలనములు కలిసి దాని మార్గము వక్రమగును. దీనిని మన విద్యార్థులు పరావలయము అని చదువుకొందురు.

లెక్కకు సులభముగా విమానము 5,000 మీటర్ల ఎత్తున, సెకండుకు 100 మీటర్ల వేగముతో పోవుచున్నదనుకొందము. గాలి నిరోధమును ప్రస్తుతము విడిచిపెట్టుదము. ఎత్తునుండి పడుటకు పట్టు కాలము, ఎత్తును రెండు రెట్లు చేసి గురుత్వ త్వరణముచే భాగించి, వర్గమూలము తీసిన వచ్చును. 10,000ను 9.8చే భాగించిన సుమారు 1,020; దాని వర్గమూలము సుమారు 32. అనగా బాంబు నేల చేరుటకు 32 సెకండ్లు పట్టును. ఆ కాలములో అది సెకండుకు 100 మీటర్ల చొప్పున 3,200 మీటర్లు ముందుకు పోవును. కాబట్టి గురి ఇంకను మూడు కిలోమీటర్లకు పైగా ముందుండగనే బాంబును విడువవలెను. నిజములో గాలి నిరోధమువలన ఈ దూరము కొంత తగ్గును. ఎదురుగాలి, ప్రక్కగాలి దానిని ఇంకను మార్చును.

ఇక్కడ గమనింపవలసిన విషయము మరియొకటి ఉన్నది. విడుచు క్షణములో ఒక సెకండు తేడా వచ్చిన, నేలమీద 100 మీటర్ల తేడా వచ్చును. చేతి గడియారమును చూచి మీట నొక్కువారి వేలు ఒక సెకండు తడబడుట పెద్ద విషయము కాదు. కాని ఓమహాలో గులకరాళ్ళ గట్టునకు, దిబ్బలకు నడుమగల నేలయే ఇంచుమించు ఒకటి రెండు సెకండ్ల ప్రయాణము.

ఈ లెక్కలన్నియు విమానములో స్వయముగా చేయుటకు నార్డెన్ అను గురిచూచు యంత్రము ఉండెడిది. కార్ల్ నార్డెన్ రూపొందించిన ఈ సాధనములో దుర్భిణి, గైరోస్కోపులు, లెక్కచేయు చక్రములు ఉండును. బాంబు వేయువాడు గురిని దుర్భిణిలో నిలిపి ఉంచిన, యంత్రము సరియైన క్షణమును తానే కనుగొని బాంబులను విడుచును. కాని ఇందుకు ఒక నియమము కలదు: గురి కంటికి కనబడవలెను.

మేఘముల పైనుండి చూచు కన్ను

జూన్ 5వ తేదీన జరుగవలసిన దాడి చెడు వాతావరణము వలన ఒక దినము వెనుకకు పోయినది. వాతావరణ శాస్త్రజ్ఞుడైన గ్రూప్ కెప్టెన్ జేమ్స్ స్టాగ్, 6వ తేదీన కొంత తెరపి దొరకునని చెప్పగా, ప్రధాన సేనాని ఐసెన్‌హోవర్ ఆ తెరపిని నమ్మి ఆజ్ఞ ఇచ్చినాడు. తెరపి అన్న మాటకు అర్థము ఓడలు ప్రయాణము చేయగలవని మాత్రమే. ఉదయమున ఓమహా తీరముపై మేఘములు దట్టముగా కప్పియుండినవి. నార్డెన్ యంత్రము ఎంత గొప్పదైనను మేఘములగుండా చూడలేదు.

ఇట్టి సందర్భములకై సిద్ధముగా ఉంచిన సాధనము ఎచ్-2-ఎక్స్ అను రాడార్. దీనికి మూలమైన పరికరము కావిటీ మాగ్నెట్రాన్. దానిని 1940లో బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయములో రాండాల్, బూట్ అను శాస్త్రజ్ఞులు కనుగొన్నారు. అది కొద్ది సెంటీమీటర్ల పొడవుగల విద్యుదయస్కాంత తరంగములను గొప్ప బలముతో పుట్టించును. బ్రిటిషువారు 10 సెంటీమీటర్ల తరంగములతో విమానములో అమర్చు రాడార్‌ను చేసినారు. అమెరికాలో మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థ వారి ప్రయోగశాలలో 3 సెంటీమీటర్ల తరంగములతో ఇంకను సూక్ష్మముగా చూపు ఎచ్-2-ఎక్స్ తయారైనది. 1943 నవంబరులో విల్హెల్మ్స్‌హావెన్ రేవుపై దాడిలో దానిని మొదట వాడినారు.

దీని పని ఎట్టిదనగా: విమానము అడుగుననుండి తరంగములు నేలవైపు పోవును. నిశ్చలమైన నీరు అద్దమువలె వాటిని దూరముగా త్రిప్పివేయును. కనుక తెరపై సముద్రము నల్లగా కనబడును. ఎగుడు దిగుడైన నేల తరంగములను అన్ని వైపులకు చెదరగొట్టును. కొంత భాగము వెనుకకు తిరిగివచ్చును. కనుక నేల తెల్లగా కనబడును. నీటికి నేలకు నడుమనున్న గీత తెరపై ఎంతయో స్పష్టము. తీరముపై దాడికి ఇంతకంటె అనుకూలమైన సాధనము లేదనిపించును.

కాని ఆ తెరపై గోతులు, ఫిరంగి గదులు కనబడవు. పడవలను స్పష్టముగా గుర్తించుటయు సాధ్యము కాదు. గీత కూడ సన్నని దారము కాదు; కొంత మందము గల చార. ఆనాటి రాడార్‌తో వేసిన బాంబులు కొన్ని వందల గజములు ముందు వెనుకలు పడుట సాధారణము. ఊరంత పెద్ద కర్మాగారముపై అయిన అది సహింపదగిన దోషము. ఇసుక తిన్నెపై అయిన కాదు.

ఏ దిక్కునుండి రావలెను?

ఇప్పుడు అసలు ప్రశ్నకు వచ్చితిమి. తీరము తూర్పు పడమరలుగా ఉన్నది. విమానములు దాని పొడవున పోవచ్చును; లేదా ఉత్తరమునుండి వచ్చి అడ్డముగా దాటవచ్చును.

బాంబులలో రెండు విధములైన దోషములు వచ్చును. ఒకటి, ప్రయాణ దిశలో ముందు వెనుకలు పడుట. రెండవది, ప్రక్కలకు తొలగుట. క్షణకాలపు పొరపాటు వలన కలుగునది మొదటి దోషము. విమానము తీరము పొడవున పోయినచో, ముందుగా పడిన బాంబైనను, ఆలస్యముగా పడిన బాంబైనను తీరముమీదనే ఎక్కడనో ఒకచోట పడును. అడ్డముగా పోయినచో, ముందుగా పడినది సముద్రములో - అనగా స్వపక్షపు పడవలపై. ఆలస్యముగా పడినది లోపలి పొలములలో.

మరి అడ్డముగా పోవుటకు ఏల నిశ్చయించినారు? కారణములు లేకపోలేదు. వందల విమానములు 8 కిలోమీటర్ల తీరముపై ఒకదాని వెనుక ఒకటి పొడవున పోవలెనన్న, ఉన్న కాలము చాలదు. పక్కపక్కగా బారులు తీరి అడ్డముగా దాటిన అందరి పని కొద్ది నిమిషములలో ముగియును. పొడవున పోవు విమానము ఒడ్డునగల విమాన విధ్వంసక ఫిరంగులన్నిటికి వరుసగా గురి అగును. అడ్డముగా దాటునది కొద్దిసేపు మాత్రమే. నీరు నేల కలియు గీతను రాడార్ తెరపై ఎదురుగా చూచుచు దాటుటయు సులభము. ఈ వాదములలో ఏదియు తెలివితక్కువది కాదు. కాని ఇవన్నియు కలిసి, ప్రమాదకరమైన దోషమును సరిగ్గా పడవలున్న దిక్కునకు త్రిప్పినవి.

ఆలస్యపు ఆజ్ఞ

మేఘములు కప్పునని తెలిసిన పిదప 8వ విమానసేన అధికారులు భయపడినది దీనికే. తమ బాంబులు తమవారిపైననే పడిన, దాడి మొదలు కాకముందే చెడిపోవును. అందుచేత ఐసెన్‌హోవర్ అనుమతితో ఒక ఆజ్ఞ ఇచ్చినారు: రాడార్‌ను బట్టి బాంబులు వేయువారు, సరియైన క్షణము దాటిన పిదప 5 మొదలు 30 సెకండ్ల వరకు ఆగి విడువవలెను.

మన లెక్క ప్రకారము 5 సెకండ్ల ఆలస్యమునకు 500 మీటర్లు. 30 సెకండ్లకు 3,000 మీటర్లు. ఒడ్డు, గట్టు, మెట్ట నేల, దిబ్బలు అన్నియు మొదటి 5 సెకండ్లలోనే వెనుకబడును. అనగా ఆజ్ఞ వెలువడిన క్షణముననే బాంబులు ఎక్కడ పడునో నిర్ణయమైపోయినది. సిబ్బంది ఎంత నేర్పుతో పనిచేసిన అంత కచ్చితముగా గురి తప్పును.

ఇంచుమించు 6 గంటలకు 446వ గ్రూపు ముందు నడువగా లిబరేటర్లు తీరమును దాటినవి. సిబ్బందికి క్రింద తెల్లని మేఘపు పరుపు తప్ప వేరేమియు కనబడలేదు. శత్రు విమానములు రాలేదు. బాంబులు విడిచి, నిర్ణయించిన మార్గమున ఇండ్లకు తిరిగివచ్చినారు. తమ బాంబులు పొలములలో పడినవని వారికి ఆ క్షణమున తెలియు ఉపాయము లేదు. ప్రయోగము చేసినవాడు ఫలితమును చూడలేని పరిస్థితి ఇది.

మిగిలిన తీరములపై బాంబులు వేసిన పెద్ద విమానములకును ఇట్టి ఆజ్ఞయే ఉండినది. మొత్తము మీద ఆ ఉదయమున 8వ విమానసేన తీరప్రాంతమున విడిచిన బాంబులు సుమారు 3,000 టన్నులు. వాటి కేంద్రము కొన్నిచోట్ల ఒడ్డునుండి కొన్ని వందల గజములు, కొన్నిచోట్ల మూడు మైళ్ళు లోపలికి జరిగినది. లోపలి మందుపాతరలు కొన్ని ప్రేలినవి. టెలిఫోను తీగలు కొన్ని తెగినవి. ప్రయోజనము బొత్తిగా లేదనలేము. కాని ఓమహా దిబ్బలపైనున్న జర్మను సైనికులు మాత్రము తమ స్థానములలో భద్రముగా ఉండినారు.

పడవలలోని వారు

6 గంటల 30 నిమిషములకు 1వ, 29వ అమెరికను డివిజన్ల మొదటి వరుసలు ఒడ్డు చేరినవి. అలలు ఎత్తుగా లేచుచుండినవి. ఒక ట్యాంకు దళము నీటిపై తేలు 29 ట్యాంకులను సముద్రములో దింపగా వాటిలో 27 మునిగిపోయినవి. ఓడల ఫిరంగులు కాల్చినది కొద్దిసేపు మాత్రమే. అందును పొగ, మంచు కప్పియుండినవి.

పడవలనుండి దిగినవారు ఇసుకపై బాంబు గుంటలుండునని, వాటిలో దాగవచ్చునని ఎదురుచూచినారు. గుంటలు లేవు. వందల గజముల చదునైన ఇసుక, దాని చివర తెగని ముళ్ళతీగలు, వాటి వెనుక ఆగక కాలుచున్న మరతుపాకులు. ఆ దినమున ఓమహా తీరమున చనిపోయినవారు, గాయపడినవారు, కనబడకుండ పోయినవారు కలిసి రెండు వేలకు పైబడినారు. మధ్యాహ్నమునకు పరిస్థితి మారినదన్న, అది చిన్న చిన్న గుంపులుగా దిబ్బలెక్కిన సైనికుల వలనను, నేలకు తగులునంత దగ్గరగా వచ్చి కంటితో చూచి కాల్చిన డిస్ట్రాయర్ నౌకల వలనను.

ఇక్కడ తరగతిలో వేయదగిన ప్రశ్న ఒకటి కలదు. 6 గంటల వేళ పడవలు ఒడ్డుకు ఎంత దూరములో ఉండినవి? పడవ గంటకు 8 కిలోమీటర్ల చొప్పున పోవుచున్నదనుకొన్న, అరగంటకు ముందు అది సుమారు 4 కిలోమీటర్ల దూరములో ఉండవలెను. 6 గంటల 15 నిమిషములకు 2 కిలోమీటర్లు. అట్లయిన మొదటి విమానములకు అంత ఆలస్యము అవసరమా? తరువాత అనేకులు ఈ ప్రశ్న అడిగినారు. కాని లెక్కలోని సంఖ్యలు కాగితముపైనివి. పడవలు వేళకు ముందు రావచ్చును. విమానములు వేళ తప్పి రావచ్చును. ఒడ్డునకు దగ్గరగా కాల్పులు జరుపు చిన్న నౌకలు ఉండవచ్చును. మేఘముల పైనున్నవానికి ఇవి ఏవియు కనబడవు. కనబడనివాడు లెక్కకంటె ఎక్కువ ఎడము పెట్టుకొనుట మానవ స్వభావము.

పశ్చిమమున మరియొక పద్ధతి

అదే ఉదయమున ఓమహాకు పడమటి దిక్కున, ఉటా అని పేరిడిన తీరమున వేరొక విధముగా జరిగినది. అక్కడ 9వ విమానసేనకు చెందిన రెండింజనుల మరాడర్ విమానములు 276 పనిచేసినవి. అవి మేఘముల క్రిందికి దిగి, తీరము పొడవున పోవుచు, గురిని కంటితో చూచి, ఒక్కొక్కటి 250 పౌనుల బరువుగల 4,404 బాంబులను వేసినవి. చాల బాంబులు రక్షణ స్థానములపైన, వాటి దగ్గరను పడినవి. కొన్ని ఫిరంగులు, మందుగుండు నాశనమైనవి.

ఉటా తీరమున దిగిన 4వ డివిజనుకు ఆ దినమున కలిగిన నష్టము 200 లోపు. ఇదంతయు బాంబుల మహిమ అని చెప్పుట శాస్త్రీయము కాదు. అక్కడ దిబ్బలు లేవు. రక్షక సైన్యము తక్కువ. పైగా నీటి ప్రవాహము పడవలను అనుకొన్నచోటికి దక్షిణముగా నెట్టి, బలహీనమైన స్థానము దగ్గర చేర్చినది. అనేక కారణములు ఒక్కసారి మారినప్పుడు ఫలితమును ఒక్క కారణమునకు అంటగట్టరాదు. అయినను బాంబులు గురిపై పడుటకు మాత్రము కారణము స్పష్టము: క్రిందుగా ఎగిరినారు, కంటితో చూచినారు, తీరము పొడవున పోయినారు. పెద్ద విమానములు అంత క్రిందికి దిగి వరుసలు చెడకుండ పోవుట సాధ్యము కాదు. కనుక ఉటాలో చేసినది ఓమహాలోను అట్లే చేయవలసినదని అనుట సులభము గాని, చేయుట అంత సులభము కాదు.

ఏడు వారముల తరువాత

ఓమహా కథ ఇంతటితో ముగిసిన, ఆలస్యపు ఆజ్ఞ కేవలము పిరికితనమని పాఠకులకు తోచవచ్చును. కాని ఏడు వారముల తరువాత, జూలై 24, 25 తేదీలలో, దీనికి రెండవ భాగము జరిగినది.

సెయింట్ లో పట్టణమునకు పడమరగా పోవు రహదారి వెంబడి జర్మను సేనలు నిలిచియుండినవి. వాటిని పెద్ద విమానములతో చీల్చి దారి చేయవలెనని అమెరికను సేనాని బ్రాడ్లీ తలచినాడు. విమానములు రహదారి పొడవున రావలెనని ఆయన కోరినాడు. విమానసేన వారు, లక్ష్యప్రదేశము చిన్నది, కాలము తక్కువ, కనుక అడ్డముగా దాటవలసినదే అన్నారు. జూన్ 6 నాటి వాదమే మరల జరిగినది. ఈసారి బాంబులు శత్రువు మీదనే పడవలెనని పట్టుబట్టినారు. సొంత సైనికులను రహదారినుండి సుమారు 1,200 గజములు మాత్రమే వెనుకకు జరిపినారు.

మొదటి దినమున మేఘములు అడ్డుపడగా దాడిని ఆపివేయుమన్న వార్త అందరికి చేరలేదు. కొన్ని బాంబులు ముందుగా పడి 25 మంది అమెరికను సైనికులు మరణించినారు. రెండవ దినమున ఆకాశము తెరపిగా ఉన్నను, మొదటి బాంబులు లేపిన పొగ, దుమ్ము గాలికి స్వపక్షమువైపు కొట్టుకొనివచ్చినవి. వెనుక వచ్చినవారు ఆ దుమ్మును చూచి బాంబులు వేసినారు. 111 మంది సైనికులు చనిపోయినారు. 490 మంది గాయపడినారు. మృతులలో లెఫ్టినెంట్ జనరల్ లెస్లీ మెక్‌నేర్ ఒకడు. శత్రువుల పంక్తి మాత్రము ఛిన్నాభిన్నమైనది. కొద్ది దినములలో అమెరికను సేనలు ఆ దారిన చొచ్చుకొనిపోయినవి.

జూన్ 6న ఎడము ఎక్కువై, బాంబు తగులని సైనికులు మరతుపాకులకు బలి అయినారు. జూలై 25న ఎడము తక్కువై, సొంత బాంబులకే బలి అయినారు. రెండు దినములలోను రాడార్ గాని, దుర్భిణి గాని కారణము కాదు. ఏ కొలతలోనైనను దోషముండును. దానిని తగ్గించవచ్చును గాని, బొత్తిగా తొలగించలేము. తొలగించలేని దోషమును ఏ ప్రక్కకు నెట్టవలెనన్నది మనుష్యులు చేయు నిర్ణయము. ఆ ప్రక్కన ఎవరున్నారో వారే దాని మూల్యము చెల్లింతురు.

ఆ ప్రక్కన సైనికులు మాత్రమే ఉండరు. లోపలి పొలములు ఖాళీ భూములు కావు. అవి నార్మండీ రైతులవి. అదే జూన్ 6న కాన్, సెయింట్ లో మొదలైన పట్టణముల కూడలులను మూసివేయుటకై విమానములు బాంబులు వేసినవి. విమోచనము కొరకు ఎదురుచూచిన ఫ్రెంచి పౌరులు ఆ వేసవిలో వేల సంఖ్యలో బాంబులకు, ఫిరంగులకు మరణించినారు. విమానములోని తెరపై వారు తెల్లని చారలో ఒక భాగము మాత్రమే.

తరగతిలో ఒక అభ్యాసము

ఉపాధ్యాయులు ఈ విషయమును యుద్ధముతో నిమిత్తము లేకుండ చూపవచ్చును. నేలపై సుద్దతో జానెడు వెడల్పున రెండు గీతలు గీసి, ఒక విద్యార్థిని ఇసుక సంచి పట్టుకొని, చేయి చాచి, నడచుచు, ఆ పట్టీపై పడునట్లు విడువుమని చెప్పవలెను. మొదట పట్టీకి అడ్డముగా నడువవలెను. తరువాత దాని పొడవున. ఒక్కొక్క విధమున ఇరువది సార్లు చేసి, సంచి పడినచోటులను గుర్తుపెట్టవలెను. పిమ్మట, పట్టీకి ఇవతల ఒక గాజు పాత్రనుంచి, దానిపై సంచి పడరాదని చెప్పి, అడ్డముగానే మరల ఇరువది సార్లు నడువుమనవలెను.

ఈసారి గుర్తులు ఎంత దూరము ఆవలికి జరిగినవో కొలచి వ్రాసికొన్న, ఏ సమీకరణము లేకుండగనే పిల్లలకు విషయము బోధపడును. ఆలస్యముగా విడువుమని మనము వారితో చెప్పనక్కరలేదు. పాత్రను చూచినంతనే వారి చేయి తానే ఆలస్యము చేయును.